అమ్మ కీళ్ళవాతం, తమ్ముడి బైపోలార్: రెంటికీ ముడి ఉందా?

ప్రశ్న: మాది గుంటూరు దగ్గర ఒక ఊరు. నాకు 27 ఏళ్ళు, హైదరాబాద్‌లో ఉద్యోగం. నాన్నకు చాలా ఏళ్ళుగా బైపోలార్ (మేనియా అనే పట్టరాని ఉత్సాహం, లోతైన దిగులు మారి మారి వచ్చే మానసిక జబ్బు) ఉంది, దానికి లిథియం వాడుతున్నారు. కిందటేడు మా తమ్ముడికి 21వ ఏట మేనియా వచ్చి ఆసుపత్రిలో చేర్చాం. ఇప్పుడు వాడికి కార్బమజెపైన్ అనే మందు మొదలుపెడదామంటున్నారు. అమ్మకు రుమటాయిడ్ కీళ్ళవాతం. నాకు థైరాయిడ్ తక్కువ, యాంటీబాడీలు కూడా ఎక్కువున్నాయన్నారు. రోగనిరోధక వ్యవస్థ జన్యువులకూ బైపోలార్‌కూ సంబంధం ఉందని ఎక్కడో చదివి ఇంట్లో చెప్పాను. అప్పటి నుంచి తన జబ్బే కొడుక్కి చుట్టుకుందని అమ్మ ఒకటే ఏడుపు. ఇమ్యూనిటీ పెరగాలని ఇంట్లో అందరికీ అశ్వగంధ మొదలుపెట్టింది. ఒక ల్యాబ్ వాళ్ళు ఉమ్మి తీసుకుని జన్యుపరీక్ష చేసి నాకు బైపోలార్ వస్తుందో రాదో చెప్తామంటున్నారు. చేయించుకోనా? మేనమామ కొడుకుతో పెళ్ళి మాటలు నడుస్తున్నాయి. చేసుకోవచ్చా? పిల్లలకు వస్తుందా?

జవాబు: అమ్మా, మీరు అడిగిన వరసలో కాకుండా ముందు మీ తమ్ముడి మందు సంగతి చెప్తాను. మిగతావి నాలుగు రోజులు ఆగినా నష్టం లేదు, ఇది మాత్రం మొదటి మాత్ర వేసుకునే లోపే తేలాలి. పైగా మీరు చదివిన విషయానికీ దీనికీ నేరుగా సంబంధం ఉంది.

రోగనిరోధక జన్యువుల్లో హెచ్‌ఎల్‌ఏ అని ఒక గుంపు ఉంది. శరీరంలో ఏది మనది, ఏది బయటి నుంచి వచ్చింది అని కణాలు గుర్తుపట్టేది వీటి వల్లే. అందులో హెచ్‌ఎల్‌ఏ-బి 15:02 అనే రకం ఉన్నవాళ్ళు కార్బమజెపైన్ వేసుకుంటే కొందరికి ఒళ్ళంతా బొబ్బలెక్కి, చర్మం ఊడి, నోరు, కళ్ళు పుండ్లుపడే స్టీవెన్స్-జాన్సన్ సిండ్రోమ్ వస్తుంది. ప్రాణం మీదికి తెచ్చే జబ్బు అది. 2004లో తైవాన్ పరిశోధకులు చూసిన 44 మంది రోగుల్లో 44 మందికీ ఆ రకం జన్యువు ఉంది. అదే మందు వాడి ఏమీ కానివాళ్ళు 101 మందిలో ముగ్గురికే ఉంది. దాంతో 2007 డిసెంబరులో అమెరికా మందుల నియంత్రణ సంస్థ, ఆసియా మూలాలున్నవాళ్ళకు ఈ పరీక్ష చేశాకే కార్బమజెపైన్ ఇవ్వాలని హెచ్చరిక పెట్టింది. ఆ హెచ్చరికలోనే భారతీయుల్లో సగటున నూటికి ఇద్దరి నుంచి నలుగురికి ఈ రకం ఉంటుందని, కొన్ని సమూహాల్లో ఇంకా ఎక్కువని ఉంది. 2009లో మన దేశంలో జరిగిన ఒక చిన్న అధ్యయనంలో కూడా ఇలా చర్మం దెబ్బతిన్న 8 మందిలో ఆరుగురికి ఇదే కనిపించింది.

కాబట్టి తమ్ముడి డాక్టరు గారిని సూటిగా అడగండి: "హెచ్‌ఎల్‌ఏ-బి 15:02 పరీక్ష చేయించి మొదలుపెడదామా సార్? లేకపోతే వేరే మందు ఏదైనా సరిపోతుందా?" అలా అడిగితే ఏమనుకుంటారో అని మొహమాటపడకండి, డాక్టర్లకు ఇది తెలిసిన సంగతే. మామూలు రక్తపరీక్షలాగే రక్తం తీసి చేస్తారు, జీవితంలో ఒక్కసారి చేయిస్తే చాలు. ఆ రకం ఉందని తేలితే కార్బమజెపైన్ జోలికి వెళ్ళకూడదు. దాని దగ్గరి బంధువు ఆక్స్‌కార్బజెపైన్, ఫిట్స్‌కు వాడే ఫెనిటోయిన్ విషయంలో కూడా జాగ్రత్త కావాలి. కాగితం మీద ఆ ఫలితం రాయించి, మీ తమ్ముడి ఫైల్లో మొదటి పేజీలో పెట్టండి. లేదని తేలితే ప్రమాదం బాగా తగ్గినట్టే గానీ పూర్తిగా పోయినట్టు కాదు. ఈ రియాక్షన్ వచ్చేది ఎక్కువగా మొదటి రెండు నెలల్లో. ఆ రోజుల్లో జ్వరం, నోట్లో పుండ్లు, కళ్ళు ఎర్రబడటం, చర్మం మీద ఎర్రమచ్చలు ఏవి కనిపించినా మందు ఆపేసి అదే రోజు ఆసుపత్రికి వెళ్ళాలి. "వేడి చేసింది, మజ్జిగ తాగు" అని ఇంట్లో సర్దుకోవద్దు.

రోగనిరోధక జన్యువులకు సంబంధించి ఈ రోజు బైపోలార్ రోగికి నిజంగా పనికొచ్చేది ఇలాంటి మందుల ప్రమాదం చెప్పే పరీక్షే. జబ్బు వస్తుందా రాదా అని చెప్పడానికి పనికొచ్చేది ఇంకా లేదు. ఆ ల్యాబ్ వాళ్ళ దగ్గరకు మళ్ళీ వస్తాను.

ఇప్పుడు మీ అమ్మగారి సంగతి. ఈ భాగం ఆవిడకు చదివి వినిపించండి. అమ్మా, మీ కీళ్ళవాతం మీ అబ్బాయికి బైపోలార్ తెప్పించలేదు. అది మీ కీళ్ళ నుంచి వాడి మెదడుకు పాకలేదు. కడుపుతో ఉన్నప్పుడు మీరు తిన్నది, తిననిది, పడ్డ మనోవేదన ఏదీ దీనికి కారణమని చెప్పడానికి ఆధారం లేదు. మీ ఇంట్లో ఈ జబ్బు వంశంలో వస్తున్న దారి మీ ఆయన వైపు నుంచి కళ్ళకు కనిపిస్తూనే ఉంది. ఆయన తప్పు కూడా అందులో ఏమీ లేదు, ఎవరూ ఎంచుకుని ఇచ్చిన ఆస్తి కాదది.

మరి మీరు చదివింది అబద్ధమా అంటే, కాదు. అందులో నిజం ఎంతో చెప్తాను.

మన ఆరో క్రోమోజోమ్ మీద ఎంహెచ్‌సీ అనే ప్రాంతం ఉంది. హెచ్‌ఎల్‌ఏ జన్యువులు ఉండేది అక్కడే. రుమటాయిడ్ కీళ్ళవాతం, టైప్-1 మధుమేహం, ఆటోఇమ్యూన్ (రోగనిరోధక వ్యవస్థ సొంత ఒంటి మీదే పడటం వల్ల వచ్చే) థైరాయిడ్ జబ్బులు, వీటన్నిటి జన్యుమూలాల్లో ముఖ్యమైనవి ఆ ప్రాంతంలోనే దొరికాయి. స్కిజోఫ్రీనియా (భ్రమలు, లేని మాటలు వినిపించడం ఉండే మానసిక జబ్బు) జన్యువుల కోసం వెతికినవాళ్ళకు అన్నిటికంటే గట్టి ఆనవాలు కూడా అక్కడే కనిపించింది. 2016లో అమెరికాలోని బోస్టన్ పరిశోధకులు అందులో కొంత భాగానికి సీ4 అనే జన్యువు కారణమని చూపించారు. సీ4 అసలు పని సూక్ష్మజీవుల మీద గుర్తు పెట్టి, రోగనిరోధక కణాలు వాటిని మింగేలా చేయడం. ఎదిగే మెదడులో అనవసరమైన నరాల అతుకులను కత్తిరించడానికి కూడా అదే పనిముట్టు వాడుకలో ఉందని ఎలుకల్లో తేలింది. ఆ కత్తిరింపు ఎక్కువైతే జబ్బుకు దారి ఏర్పడవచ్చన్నది వాళ్ళ ఊహ. ఎంత అందమైన పరిశోధనో! ఒంట్లో కాపలా కాసే అణువులకు మెదడును తీర్చిదిద్దే పని కూడా ఉందని తెలిసినప్పుడు మా రంగంలో చాలామంది చూపే మారిపోయింది. అయినా, ఆ సీ4లో అన్నిటికంటే ప్రమాదకరమైన రకం ఉన్నవాళ్ళకు కూడా స్కిజోఫ్రీనియా అవకాశం నూటికి ఒకటి అనుకుంటే ఒకటింపావు దాకా పెరుగుతుంది, అంతే.

అది స్కిజోఫ్రీనియా మాట. బైపోలార్‌లో కథ ఇంత స్పష్టంగా లేదు. 2021లో దాదాపు 42,000 మంది బైపోలార్ రోగులను, జబ్బు లేని 3,70,000 మందికి పైగా మనుషులను పోల్చిన అధ్యయనంలో జన్యువుల్లో జబ్బుతో ముడిపడ్డ 64 చోట్లు దొరికాయి. వాటిలో ఒకటి ఈ ఎంహెచ్‌సీ ప్రాంతం. కానీ అక్కడ అన్నిటికంటే గట్టిగా పలికిన చోటు హెచ్‌ఎల్‌ఏ జన్యువులకూ సీ4కూ దాదాపు 30 లక్షల డీఎన్‌ఏ అక్షరాల దూరంలో ఉంది. ఈ ప్రాంతంలోని జన్యువులు చాలావరకు విడిపోకుండా గుంపుగా తరం నుంచి తరానికి దిగుతాయి. పెద్ద ఉమ్మడి కుటుంబంలో పాలగిన్నె ఖాళీ అయితే ఆ ఇంట్లోనే ఎవరో తాగారని తెలుస్తుంది, ఎవరన్నది తెలియదు. బైపోలార్‌కు సంబంధించి ఎంహెచ్‌సీ సంగతి ప్రస్తుతం అలాగే ఉంది. 2025లో ఒక లక్షా 58 వేల మంది రోగులతో ఇంకా పెద్ద అధ్యయనం వచ్చింది. చోట్లు 298కి పెరిగాయి. ఇన్ని వందల చోట్లు, ఒక్కోటీ పిసరంత ప్రభావం చూపేవి. వాటిలో ఎక్కువ భాగం నరకణాలు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే తీరుకు సంబంధించినవి. రోగనిరోధకం అందులో ఒక పాయ మాత్రమే.

జన్యువుల సంగతి అలా ఉంచితే, మనుషులను ఏళ్ళ తరబడి గమనించిన అధ్యయనాలు కూడా ఉన్నాయి. డెన్మార్క్‌లో ప్రతి పౌరుడి ఆసుపత్రి రికార్డు ప్రభుత్వం దగ్గర ఉంటుంది. అక్కడ 35 లక్షల మందిని గమనించి 2013లో ప్రచురించిన అధ్యయనంలో, ఆటోఇమ్యూన్ జబ్బుతో ఆసుపత్రికి వెళ్ళినవాళ్ళకు తర్వాత మూడ్ జబ్బులు వచ్చే అవకాశం 45 శాతం, ఇన్ఫెక్షన్‌తో ఆసుపత్రి పాలైనవాళ్ళకు 62 శాతం ఎక్కువని తేలింది. ఈ శాతాలు చూసి బెదరకండి. ఆ మూడ్ జబ్బుల్లో డిప్రెషన్ కూడా కలిసి ఉంది. పైగా ఆ లెక్క జబ్బు పడ్డ మనిషి గురించే, వాళ్ళ పిల్లల గురించి కాదు. దీర్ఘకాలం నొప్పితో బతికే మనిషి దిగులుపడటానికి జన్యువులు ఒక్కటే కారణం కానక్కర లేదు కదా. నిజానికి ఈ లెక్కలో నాకు దిగులు కలిగించేది మీ అమ్మగారే. రోజూ కీళ్ళనొప్పి, పక్కన ఇద్దరు రోగులు, పైన ఈ అపరాధ భావన. ఆవిడ నిద్రపోతున్నారా, తింటున్నారా, ఎవరితోనైనా మాట్లాడుతున్నారా చూడండి. ఏడుపు రెండు వారాలు దాటి సాగుతుంటే ఆవిడను కూడా డాక్టరుకు చూపించాలి. ఊళ్ళో మానసిక వైద్యులు లేకపోతే టెలీ మానస్ 14416కి ఫోన్ చేయండి. అది ప్రభుత్వ సేవ, ఉచితం, తెలుగులో మాట్లాడతారు.

వాపు తగ్గించే మందులతో బైపోలార్ నయం చేయవచ్చు కదా అని మీకు అనిపించి ఉంటుంది. పరిశోధకులకూ అనిపించింది. పాకిస్తాన్‌లో నాలుగు ఆసుపత్రుల్లో బైపోలార్ డిప్రెషన్ రోగులకు మామూలు మందులకు తోడుగా మినోసైక్లిన్, సెలెకాక్సిబ్ ఇచ్చి చూశారు. 2020లో ఫలితం వచ్చింది: ఉపయోగం లేదు. కాబట్టి లిథియం మానేసి "ఇమ్యూనిటీ వైద్యం" చేస్తామనేవాళ్ళ దగ్గరకు నాన్నను గానీ తమ్ముణ్ణి గానీ తీసుకెళ్ళకండి. లిథియం హఠాత్తుగా ఆపితే మేనియా తిరగబెట్టడం, ఆత్మహత్య ప్రమాదం పెరగడం మేం కళ్ళారా చూసేవే.

అశ్వగంధ కూడా ఆపించండి. ఆటోఇమ్యూన్ జబ్బంటే ఇమ్యూనిటీ తక్కువై వచ్చింది కాదు, దారి తప్పి సొంత ఒంటి మీదే పడినది. దాన్ని ఇంకా పెంచాలనుకోవడంలో అర్థం లేదు. పైగా అశ్వగంధ థైరాయిడ్ హార్మోన్‌ను పెంచగలదు. మీరు థైరాయిడ్ మాత్ర కూడా వేసుకుంటుంటే, హార్మోన్ మోతాదు మించితే నిద్ర చెడుతుంది, గుండెదడ వస్తుంది. బైపోలార్ ఉన్న ఇంట్లో నిద్ర చెడటం చిన్న విషయం కాదు.

మీ ఇంట్లో ఒకే మందుల డబ్బా ఉంటే ఈ రోజే రెండు చేయండి. కీళ్ళనొప్పికి అమ్మ వాడే డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ లాంటి మాత్రలు నాన్న నడుంనొప్పికో మోకాలినొప్పికో వేసుకుంటే రక్తంలో లిథియం పెరిగిపోతుంది. చేతులు బాగా వణకడం, వాంతులు, విరేచనాలు, నడకలో తూలడం, మాట ముద్దగా రావడం మొదలైతే అది విషస్థాయికి చేరుతున్న గుర్తు. ఆయనకు నొప్పి, జ్వరం వస్తే పారాసిటమాల్ వాడవచ్చు. గుంటూరు ఎండల్లో చెమట పట్టి నీళ్ళు తగ్గినప్పుడు కూడా ఇదే ప్రమాదం. ఎండాకాలం ముందు ఒకసారి లిథియం స్థాయి, కిడ్నీ, థైరాయిడ్ పరీక్షలు చేయించండి.

అమ్మకు కీళ్ళ డాక్టరు స్టెరాయిడ్ రాస్తే ఆ డాక్టరుకు ఇంట్లో బైపోలార్ ఉన్న సంగతి చెప్పండి. స్టెరాయిడ్లు కొందరిలో మేనియా, భ్రమలు తెప్పిస్తాయి, అది మోతాదును బట్టి ఉంటుంది. 1972 నాటి ఒక ప్రసిద్ధ అమెరికన్ సర్వేలో రోజుకు 40 మిల్లీగ్రాముల ప్రెడ్నిసోన్ లోపు వాడినవాళ్ళలో నూటికి ఒకరికి కాస్త ఎక్కువగా, 80 దాటినవాళ్ళలో నూటికి 18 మందికి ఇలాంటి మానసిక ఇబ్బంది వచ్చింది. కీళ్ళవాతానికి సాధారణంగా తక్కువ మోతాదే ఇస్తారు, భయపడనక్కర లేదు. కానీ మీ తమ్ముడికి ఆయాసానికో అలర్జీకో ఎప్పుడైనా స్టెరాయిడ్ ఇవ్వాల్సి వస్తే మాత్రం మానసిక వైద్యుణ్ణి సంప్రదించకుండా మొదలుపెట్టకూడదు.

ఇక ఆ ఉమ్మి పరీక్ష. వద్దు. ఆ డబ్బు మీ తమ్ముడి హెచ్‌ఎల్‌ఏ పరీక్షకు వాడండి. ఆ ల్యాబ్ వాళ్ళు చేసేది ఇందాక చెప్పిన వందల చోట్లను కూడి ఒక స్కోరు ఇవ్వడం. 2021 అధ్యయనం లెక్కలతో కట్టిన స్కోరు, యూరప్ జాతుల వాళ్ళలోనే, జబ్బు అవకాశంలో ఉన్న తేడాల్లో 5 శాతం కూడా వివరించలేదు. ఇతర జాతుల దగ్గరకు వచ్చేసరికి ఇంకా తగ్గింది. ఈ అధ్యయనాల్లో అత్యధికులు యూరప్ మూలాల వాళ్ళే, మనవాళ్ళ జన్యువులు అందులో చాలా తక్కువ. అలాంటి స్కోరు చూసి "మీకు రిస్క్ ఎక్కువ" అంటే మీరు రాత్రుళ్ళు నిద్ర పోగొట్టుకుంటారు. "తక్కువ" అంటే జాగ్రత్త మానేస్తారు. నాన్నకు, తమ్ముడికి ఉందన్న ఒక్క మాట ఆ స్కోరు కంటే ఎన్నో రెట్లు ఎక్కువ చెప్తుంది, అది మీకు ఉచితంగానే తెలుసు.

ఆ మాట ఏం చెప్తుందంటే: తల్లిదండ్రుల్లో గానీ తోబుట్టువుల్లో గానీ ఒకరికి బైపోలార్ ఉంటే అది వచ్చే అవకాశం నూటికి 5 నుంచి 10. మీకు ఇద్దరు ఉన్నారు కాబట్టి అంతకంటే కొంత ఎక్కువ అనుకుందాం. అయినా రాకపోయే అవకాశమే చాలా ఎక్కువ. ఒకే పిండం నుంచి విడిపోయిన, జన్యువులన్నీ ఒకటే అయిన కవలల్లో ఒకరికి ఈ జబ్బు వచ్చినా రెండోవాళ్ళకు రాని సందర్భాలు ఎన్నో. పైగా ఇది ఎక్కువమందిలో 15-25 ఏళ్ళ మధ్య బయటపడుతుంది. మీకు 27, ఆ దారిలో ఎక్కువ దూరం దాటేశారు. ఎప్పుడైనా వరసగా నాలుగైదు రోజులు మూడు నాలుగు గంటలే నిద్రపోయి కూడా అలుపు లేకుండా, మామూలు కంటే ఎక్కువ మాటలు, ఖర్చులు, పెద్ద పెద్ద ప్లాన్లతో తిరిగారేమో గుర్తు చేసుకోండి. లేదంటే వారాల తరబడి ఏదీ ఇష్టం లేని దిగులు. అలాంటిది ఉంటే ఒకసారి మానసిక వైద్యుణ్ణి కలవండి. లేకపోతే మీరు ఆరోగ్యంగానే ఉన్నారు, అలాగే బతకండి.

పెళ్ళి విషయానికి వద్దాం. మీ బావ మీ అమ్మ వైపు మనిషి. ఈ జబ్బు కనిపిస్తున్నది నాన్న వైపు. నాన్న నుంచి మీకు వచ్చిన జన్యువులు ఆయనలో ఉండవు, కాబట్టి ఈ మేనరికం వల్ల బైపోలార్ రెండింతలవుతుందన్న భయం అక్కర లేదు. కానీ ఒక్క షరతు ఉంది. మేనమామ ఇంట్లోనూ, అత్తయ్య పుట్టింట్లోనూ ఇలాంటిది లేదని రూఢి చేసుకోవాలి. మన ఇళ్ళలో ఈ జబ్బును పేరు పెట్టి చెప్పరు. "పెద్దాయనకు కొన్నాళ్ళు గాలి సోకింది", "ఆ పిన్ని నూతిలో పడింది", "ఉద్యోగం మానేసి ఊళ్ళు పట్టుకు తిరిగాడు" అంటారు. అమ్మమ్మ ఉంటే ఆవిడ దగ్గర కూర్చుని అడగండి, ఆ తరం వాళ్ళకు అన్నీ తెలుసు. అమ్మ వైపు ఉన్న ఆటోఇమ్యూన్ ధోరణి మాత్రం మీ ఇద్దరిలోనూ ఉండవచ్చు. బావకు కూడా ఒకసారి థైరాయిడ్ పరీక్ష చేయిస్తే తప్పులేదు. ఇది గాక, వరసైన దగ్గరి బంధువులు పెళ్ళి చేసుకుంటే పిల్లల్లో పుట్టుకతో వచ్చే లోపాల అవకాశం మామూలు కంటే నూటికి రెండు మూడు ఎక్కువ. దానికీ బైపోలార్‌కూ సంబంధం లేదు, అయినా మీరు తెలుసుకుని నిర్ణయించుకోవాలి. హైదరాబాద్ నిమ్స్‌లో మెడికల్ జెనెటిక్స్ విభాగం ఉంది, పెళ్ళికి ముందే ఇద్దరూ వెళ్ళి వంశవృక్షం గీయించుకుని మాట్లాడండి.

నాన్న, తమ్ముడి జబ్బు సంగతి బావకు చెప్పాలి. దాచి పెళ్ళి చేయడం ఇద్దరికీ అన్యాయం. మేనమామ ఇల్లు కాబట్టి సగం వాళ్ళకు ఇప్పటికే తెలిసి ఉంటుంది, మిగతా సగం మీ నోటి నుంచే వినాలి. మీకు జబ్బు లేనంతవరకు మీ పిల్లలకు ఇది తాతయ్యది, మేనమామది. అంటే అవకాశం మీకున్న దానికంటే తక్కువ, మామూలు జనం కంటే కాస్త ఎక్కువ.

మీ థైరాయిడ్ యాంటీబాడీల సంగతి చివరికి ఉంచాను, ఎందుకంటే అది అక్కరకొచ్చేది ప్రసవం దగ్గర. బైపోలార్ ఉన్న కుటుంబాల ఆడపిల్లల్లో కొందరికి ఆ జబ్బు మొదటిసారి బయటపడేది కాన్పు తర్వాత వారాల్లోనే. ప్రసవానంతర సైకోసిస్ (కాన్పు తర్వాత ఏది నిజమో ఏది భ్రమో తెలియని స్థితి) వెయ్యి కాన్పుల్లో ఒకరికో ఇద్దరికో వచ్చే అరుదైన జబ్బు, కుటుంబంలో బైపోలార్ ఉంటే ఆ అవకాశం పెరుగుతుంది. నెదర్లాండ్స్‌లో ఇది మొదటిసారి వచ్చిన తల్లులను పరీక్షిస్తే 19 శాతం మందిలో ఆటోఇమ్యూన్ థైరాయిడ్ జబ్బు కనిపించింది, మామూలు బాలింతల్లో 5 శాతం మందికే ఉంది. రోగనిరోధక వ్యవస్థ గర్భంలో ఒకలా ఒదిగి ఉండి, కాన్పు అయ్యాక ఒక్కసారిగా లేస్తుంది. మీ ఇంటి రెండు పాయలూ కలిసే చోటు ఏదైనా ఉంటే అది ఇదే. కాబట్టి గర్భం వచ్చిన మొదటి నెలలోనే గైనకాలజిస్టుకు మూడు సంగతులు చెప్పండి: నాన్న, తమ్ముడికి బైపోలార్, మీకు థైరాయిడ్ యాంటీబాడీలు. గర్భంలో, మళ్ళీ కాన్పు తర్వాత టీఎస్‌హెచ్ (థైరాయిడ్ పనితీరు చెప్పే రక్తపరీక్ష) చూస్తారు. పురిటికి ఎవరింటికి వెళ్ళినా రాత్రిపూట బిడ్డను ఎవరు చూసుకుంటారో ముందే మాట్లాడుకుని, మొదటి వారాల్లో మీకు రాత్రికి కనీసం ఐదారు గంటల నిద్ర దొరికేలా ఏర్పాటు చేసుకోండి. బిడ్డ పడుకున్నా మీకు నిద్ర పట్టకపోతే, మాటలు తేడాగా ఉంటే, అనుమానాలు మొదలైతే "బాలింత కదా, అలాగే ఉంటుంది" అనుకోకుండా అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్ళమని బావకూ అమ్మకూ ఇప్పుడే చెప్పి ఉంచండి. వెంటనే పట్టుకుంటే ఇది బాగా నయమయ్యే జబ్బు.